పాత 60 మి.మీ. స్పాటింగ్ స్కోప్: విప్పి బాగుచేయాలా, కొత్తది కొనాలా?

ప్రోన్_50 (ప్రశ్న)

అందరికీ నమస్తే. గచ్చిబౌలి రేంజ్‌లో పాయింట్ 22 రైఫిల్‌తో ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చడం), 50 మీటర్లు, పేపర్ టార్గెట్. వాడుతున్నది జపాన్‌లో తయారైన పాత స్పాటింగ్ స్కోప్, అంటే టార్గెట్ మీద షాట్ ఎక్కడ పడిందో చూసే దుర్భిణి. కంపెనీ పేరు అరిగిపోయింది. 60 మి.మీ. (ముందు అద్దం వ్యాసం) అనీ, 15–45 జూమ్ అనీ మాత్రం చదవడానికి వస్తోంది. నేరుగా చూసే రకం, ఐపీస్ (కన్ను పెట్టే భాగం) దగ్గర వంపు లేదు. ఐపీస్ మర తిప్పితే ఊడి వస్తుంది.

ఇబ్బందులు ఇవీ. ఉదయం 8 లోపు బాగానే కనిపిస్తుంది. 10 దాటితే టార్గెట్ మధ్య నలుపులో పడ్డ షాట్లు పొగ వెనక ఉన్నట్టు బూడిదరంగులో కలిసిపోతాయి. జూమ్ 30 దాటాక ఫోకస్ ఎటు తిప్పినా పదును రాదు. ఫోకస్ నాబ్ చాలా బిగుసు, మధ్యలో ఒకచోట మాత్రం జారిపోతుంది. ముందు అద్దంలోకి టార్చ్ వేస్తే అంచున సాలెగూడు లాంటిది కనబడుతోంది. కింద స్టాండు బిగించే రంధ్రంలో మర వదులైంది, స్కోప్ తల వాలుస్తుంది.

నాకు కళ్లజోడు ఉంది. ఇంట్లో విప్పి శుభ్రం చేసుకోవచ్చా, ఎవరికైనా ఇవ్వాలా, లేక దీన్ని వదిలేసి 80 మి.మీ. కొత్తది తీసుకోవాలా? ఎప్పుడైనా 300 మీటర్లకు వెళ్తే పనికొచ్చేలా ఉంటే మంచిదే, కానీ అది ముఖ్యం కాదు.

—

అద్దాల_పని

కొనడం సంగతి తర్వాత. మీరు చెప్పిన వాటన్నిటికీ కారణం ఒకటే కాదు. ఏ లోపం ఎక్కడుందో తేల్చకుండా విప్పితే బాగున్న భాగాన్ని కూడా చెడగొట్టుకుంటారు. స్కోప్‌లో మూడు భాగాలు: ముందుండే ఆబ్జెక్టివ్, మధ్యలో ప్రిజం, వెనక ఐపీస్. వీటిని విడివిడిగా చూడాలి.

మొదట టార్చ్ పరీక్ష. గదిలో లైట్లు ఆర్పి, ఐపీస్ తీసేసి, ముందు నుంచి ఏటవాలుగా టార్చ్ వేసి వెనక కన్నంలోంచి చూడండి. కొమ్మలు కొమ్మలుగా పాకినట్టుంటే ఫంగస్. అద్దం మీద ఊపిరి వదిలినట్టు సమంగా మసక ఉంటే అది పాత గ్రీజు ఆవిరై పట్టిన పొర. అంచున నీటి మీద నూనె తేలినట్టు రంగుల వలయాలు గానీ, మంచుపువ్వుల్లాంటి మచ్చలు గానీ ఉంటే రెండు గాజులను అతికించిన జిగురు ఊడుతోందని అర్థం. ఫంగస్, మసక రెండూ ఇంట్లో పోయేవే. జిగురు ఊడితే మాత్రం ఈ ధర స్కోప్‌కు వైద్యం దండగ. దుమ్ము చుక్కల జోలికి అసలు పోకండి. యాభై చుక్కలున్నా బొమ్మలో తేడా తెలియదు, తుడవబోతే గీతలు మాత్రం పడతాయి.

రెండోది, ఐపీస్‌ను ఒక్కదాన్నే ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని జూమ్ తిప్పుతూ చూడండి. జూమ్ ఐపీస్ లోపల కదిలే అద్దాలకు గ్రీజు ఉంటుంది. అన్నిటికంటే ముందు మసకబారేది అక్కడే.

మూడోది నక్షత్ర పరీక్ష. పగలు నక్షత్రం ఎక్కడిదంటారా? 8 మి.మీ. స్టీల్ బాల్ బేరింగ్ ఒకటి నల్లగుడ్డ మీద పెట్టి, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా 30 మీటర్ల దూరం నుంచి చూడండి. గుండు మీద మెరిసే చుక్కే మీ నక్షత్రం. ఫోకస్‌ను కొంచెం ఇటూ అటూ తప్పించండి. రెండు వైపులా గుండ్రటి వలయాలు కనిపిస్తే స్కోప్ సక్రమంగా ఉంది. మూడు మూలలుగా కనిపిస్తే ఆబ్జెక్టివ్ రింగు అతిగా బిగించి గాజును నొక్కుతోంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండి, ఫోకస్ అటు దాటగానే అడ్డం నిలువు మారితే ఆస్టిగ్మాటిజం, అంటే అడ్డ గీతలూ నిలువు గీతలూ ఒకే ఫోకస్‌లో పదునుకు రాని లోపం. అప్పుడు తల పక్కకు వాల్చి చూడండి. గుడ్డు కూడా మీ తలతో పాటు తిరిగితే లోపం మీ కంటిది, స్కోప్‌ది కాదు. తిరగకపోతే ఐపీస్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ ఫోకస్ చేయండి. ఐపీస్‌తో పాటు తిరిగితే దొంగ దొరికినట్టే.

ఇక పది దాటాక వచ్చే పొగ. ఎండలో గాలి కదలిక వల్ల వచ్చే మిరాజ్‌కూ, అద్దం మసకకూ తేడా సులువుగానే తెలుస్తుంది. మిరాజ్‌లో టార్గెట్ గీతలు ఈదుతాయి. మసకలో గీతలు కదలవు, నలుపు కాస్తా బూడిదవుతుంది. ముందు భాగానికి నల్ల డ్రాయింగ్ షీట్‌ను 15 సెం.మీ. గొట్టంలా చుట్టి చూడండి. నలుపు వెంటనే తేరుకుంటే పక్కనుంచి పడే వెలుగు లోపలి మసక మీద చెదురుతోందన్నమాట.

ఏ పరీక్షలోనూ స్కోప్‌ను సూర్యుడి వైపు తిప్పొద్దు. ఈ మూడింటి ఫలితం రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

—

రేంజ్_కాకా

తమ్మీ, కొనుడు గినుడు పక్కన పెట్టి ముందుగాల లెక్క జూడు. పాయింట్ 22 బుల్లెట్ మందం 5.6 మి.మీ. 50 మీటర్ల కాడ అది 23 ఆర్క్ సెకన్లు (కోణం కొలత: 60 సెకన్లు ఒక నిమిషం, 60 నిమిషాలు ఒక డిగ్రీ). 20 ఎక్స్‌ల, అంటే 20 ఇంతలు పెద్దగ చేసి చూస్తే కంటికి ఏడున్నర ఆర్క్ నిమిషాలు అయితది. మామూలు కన్ను ఒక్క నిమిషం పట్టుకుంటది. అంటే 20 తోనే నీకు కావల్సినదానికి ఏడింతలు ఉన్నది. 45 ఎందుకు నీకు? 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌ల పది రింగు 10.4 మి.మీ., నలుపు మొత్తం 112.4 మి.మీ. గీ సైజుకు 20 నుంచి 25 చాలు.

జూమ్ పెంచుతుంటే ఏమయితదంటే, కంట్లకు వచ్చే వెలుగు కట్ట సన్నబడతది. 60ని ఎక్స్‌తోని భాగించు. 20 కాడ 3 మి.మీ., 45 కాడ 1.3 మి.మీ. బొమ్మ చీకటైతది, కన్ను ఇసుమంత జరిగినా నల్లగైతది. కండ్లద్దాలు ఉన్నోళ్లకు ఇంకా కష్టం. 30 దాటినంక పదును రాకుంటే సగం తప్పు స్కోప్‌దే కావచ్చు, మిగతా సగం గా జూమ్‌దే.

ఇంకో మాట. చానామంది అద్దం మీద పైసలు పెట్టి స్టాండు మీద పెట్టరు. ప్రోన్‌ల స్కోప్ ఎట్ల ఉండాలె? చెంప రైఫిల్ కట్టె మీదికెళ్లి లేవకుండ, ఎడమ కన్ను కొంచెం తిప్పితే ఐపీస్ అందాలె. నీది నేరు బాడీ గనక రైఫిల్‌కు ఎడమ దిక్కు, బ్యారెల్‌కు సమాంతరంగ, కంటి ఎత్తుల పెట్టు. ఫోటో ట్రైపాడ్ కాళ్లు ఎంత ముడిసినా ప్రోన్‌కు ఎత్తెక్కువనే అయితయి. బరువైన ఇనుప పళ్లెం, దానికి 16 మి.మీ. రాడ్, రాడ్ మీద జారే క్లాంపు ఉంటే మస్తు. సన్నరాడ్ పెడితే పక్కోడు కాల్చిన దెబ్బకు బొమ్మ రెండు సెకన్లు వణుకుతది.

కండ్లద్దాలకు తగులుతదని ఐపీస్ రబ్బరు కప్పు తీసి పారేసెటోళ్లున్నరు. తియ్యకు, వెనక్కి మడువు. లేకుంటే లోహం తగిలి నీ అద్దాల మీదనే గీత పడతది.

ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్నకాడ స్కోరు మానిటర్‌లనే వస్తది, స్కోప్‌తోని స్కోరు పని లేదు. అయినా మిరాజ్ సదువుటానికి కావాలె. టార్గెట్ మీద ఫోకస్ పెట్టి నాబ్ ఇసుమంత ఇవతలకు తిప్పు, ఎండ అలలు కండ్ల ముంగట కనబడతయి. ఎడమకెళ్లి కుడికి పారుతున్నయా, కుడికెళ్లి ఎడమకా, లేకుంటే ఎసరు మసిలినట్టు నిట్టనిలువు లేస్తున్నయా చూసి కొట్టాలె. గందుకే ఫోకస్ నాబ్ మెత్తగ, జారకుండ ఉండుడు ముఖ్యం. నీ స్కోప్‌ల ఫస్టు బాగు జెయ్యాల్సింది గది.

—

ప్రోన్_50

పరీక్షలు చేశాను. ఫంగస్ ఆబ్జెక్టివ్ లోపలి ముఖం మీద ఉంది, అంచు నుంచి 5–6 మి.మీ. లోపలికి. రంగుల వలయాలు లేవు. ప్రిజం ముందు ముఖం మీద సన్నటి మసక. ఐపీస్ మధ్య అద్దం బాగా మసక. బాల్ బేరింగ్ 20 దగ్గర దాదాపు గుండ్రం, 40 దగ్గర గుడ్డు. తల వాల్చినా గుడ్డు తిరగలేదు, ఐపీస్ తిప్పితే తిరిగింది. నల్ల గొట్టం పెట్టగానే నలుపు సగానికి పైగా తేరుకుంది.

బాడీ మధ్యలో మెట్టులా ఉంది. ముందు గొట్టం, ఐపీస్ ఒకే గీతలో లేవు.

—

అద్దాల_పని

అయితే బాడీ బతికే ఉంది, పోయింది ఐపీస్. మెట్టు ఉందంటే లోపలున్నది పోరో ప్రిజం. ఇది మీ అదృష్టం. పోరోలో వెలుగు గాజు లోపలే పూర్తిగా తిరిగి వస్తుంది, వెనక లోహపు పూత ఉండదు, తుడిచేటప్పుడు భయం తక్కువ.

ఆబ్జెక్టివ్ పని ఇలా చేయండి. కావలసినవి: గాలి కొట్టే రబ్బరు బ్లోయర్, లెన్స్ టిష్యూ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్, సిగరెట్ లైటర్‌లో పోసే నాఫ్తా చిన్న సీసా, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్. జపాన్ మరలు చూడ్డానికి ఫిలిప్స్ లాగే ఉంటాయి, కానీ ఫిలిప్స్ బిట్ పెడితే పైకి జారి తల గుండ్రంగా అరిగిపోతుంది. ఆల్కహాల్ బదులు సర్జికల్ స్పిరిట్ వాడొద్దు, అందులో కలిపే నూనెలు గాజు మీద పొరలా మిగులుతాయి. శానిటైజర్ సంగతి సరేసరి, అందులో గ్లిజరిన్. ఎసిటోన్ పెయింటునూ ప్లాస్టిక్‌నూ తినేస్తుంది.

ముందు ఫ్యాన్ ఆపండి. ఆబ్జెక్టివ్ రింగు చుట్టూ రబ్బరు పట్టీ గానీ పెయింటు గానీ ఉంటే దాని కింద గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) దాగి ఉందేమో వెతకండి. ఒకటి గానీ, సమదూరంలో మూడు గానీ ఉండొచ్చు. అది తీయకుండా రింగు తిప్పితే మర మొత్తం పోతుంది. రింగుకు రెండు గాట్లుంటే లెన్స్ స్పానర్. గాట్లు లేకపోతే రింగు వ్యాసానికి సరిపోయే పీవీసీ పైపు ముక్క కోసి, దాని అంచుకు సైకిల్ ట్యూబు రబ్బరు అతికించి, నొక్కి తిప్పండి. రబ్బరు రింగుకే ఆనాలి, గాజుకు తగలకూడదు. కదలకపోతే మర సందులో ఒక్క చుక్క ఆల్కహాల్ వేసి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో బయటి లోహాన్ని కొంచెం వేడి చేయండి. చెయ్యి పెట్టలేనంత వేడి వద్దు, పాతకాలపు జిగురు మెత్తబడుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు. అవి పాకి పాకి ప్రిజం మీదికి చేరతాయి.

గాజు బయటికి తీసే ముందే దాని పక్క అంచు మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేయండి: ఏది ముందు వైపు, గొట్టంలో ఏ గీతకు ఎదురుగా ఉంది అన్నవి రెండూ తెలియాలి. సాధారణంగా ఎక్కువ ఉబ్బు ఉన్న ముఖం బయటికి ఉంటుంది. తలకిందులు పెడితే బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. రెండు గాజులు అతకకుండా విడిగా ఉండి మధ్య మూడు రేకు ముక్కలు కనిపిస్తే, అవి ఎక్కడివి అక్కడే మళ్లీ రావాలి.

తుడవడం: ముందు బ్లోయర్. తర్వాత టిష్యూ తడిపి, నొక్కకుండా మధ్య నుంచి అంచుకు. ఒక టిష్యూ ఒక్కసారే. ఫంగస్ ఆల్కహాల్‌కు లొంగకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో దొరికే 6 శాతం దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపితే 3 శాతం అవుతుంది. దానికి అంతే పరిమాణంలో పలచని అమ్మోనియా కలపాలి. ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో దొరికే లిక్కర్ అమ్మోనియా దాదాపు 25 శాతం ఉంటుంది, ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు పోయండి. గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి చేయండి. కలిపింది మూత బిగించి దాచొద్దు, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. బ్లీచింగ్ మాత్రం దాని దరిదాపుల్లోకి రాకూడదు. గాజును ఇందులో ముంచకండి, అంచులోంచి జిగురులోకి పాకుతుంది. తడిపిన టిష్యూను ఫంగస్ మీద అయిదు నిమిషాలు పరిచి, డిస్టిల్డ్ వాటర్‌తో, చివర ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత కూడా సన్న గీతల గుర్తు మిగిలితే ఫంగస్ గాజు మీది పూతను తొలిచేసిందన్నమాట, అది పోదు. అంచునే కాబట్టి 50 మీటర్లలో దాని నష్టం మీ కంటికి ఆనదు.

మళ్లీ బిగించేటప్పుడు గాజు గలగలమనడం ఆగేదాకా రింగు తిప్పండి, అక్కడితో ఆపండి. ఇంకో పట్టు పట్టారో, బాల్ బేరింగ్ మూడు మూలలవుతుంది.

ఫోకస్ నాబ్ జారడానికి ఎక్కువగా కారణం నాబ్‌ను ఇరుసుకు పట్టే గ్రబ్ స్క్రూ వదులవడం. బిగుసుకు కారణం ఎండిన గ్రీజు. బిగుసుకున్న దాన్ని బలంగా తిప్పడం వల్లే స్క్రూ వదులవుతుంది, కనుక రెండూ కలిపి చేయాలి. పాత గ్రీజును నాఫ్తా తడిపిన ఇయర్ బడ్‌తో పూర్తిగా తీసి, హెలికాయిడ్ (ఫోకస్ తిప్పే పెద్ద మర) కోసం అమ్మే డ్యాంపింగ్ గ్రీజు బియ్యపు గింజంత పూయండి. బండ్లకు వేసే గ్రీజు వద్దు. ఎండలో కారులో పెడితే దాని నూనె విడిపోయి అద్దాల మీదికి చేరుతుంది. ఇప్పుడు ప్రిజం మీద ఉన్న మసక అలా వచ్చిందే అయి ఉంటుంది.

—

లెవెల్_మెకానిక్

పై పద్ధతితో దాదాపు ఏకీభవిస్తాను, రెండుచోట్ల తప్ప.

ఒకటి, అమ్మోనియా కలపడం. పాతకాలపు ఒకే పొర పూతలు కొన్ని మెత్తనివి, అప్పటికే ఫంగస్ కొరికి ఉంటాయి. ముందు పెరాక్సైడ్ ఒక్కదానితో ప్రయత్నించండి, అయిదు నిమిషాలకు బదులు పది. పోకపోతేనే అమ్మోనియా. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ప్రిజానికి మాత్రం ఆల్కహాల్ తప్ప ఏదీ వద్దు. ఇది చదివి రూఫ్ ప్రిజం స్కోప్‌కు, అంటే మెట్టు లేని నేరు గొట్టం రకానికి, ఇదే ప్రయోగం చేసేవాళ్లుంటారు. ఆ రకాల్లో చాలావాటికి ప్రిజం ఒక ముఖాన వెండి గానీ అల్యూమినియం గానీ పూత ఉంటుంది. మందు తగిలితే నల్లబడుతుంది, ఇక స్కోప్‌ను చెత్తబుట్టలో వేయడమే.

రెండు, ప్రిజాన్ని దాని గూటి నుంచి కదిలించొద్దని అద్దాల_పని గారు గట్టిగా చెప్పాల్సింది. పైనున్న రేకు క్లిప్పు విప్పితే ప్రిజం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ వాలుతుంది, పదును పోతుంది. కొలిమేటర్ (అద్దాలు, ప్రిజం ఒకే గీతలో ఉన్నాయో చూసే పరికరం) లేకుండా ఇంట్లో మళ్లీ కుదర్చడం దాదాపు అసాధ్యం. ఆబ్జెక్టివ్ తీసినప్పుడు ముందు నుంచి, ఐపీస్ తీసినప్పుడు వెనక నుంచి, పొడుగు చెక్కపుల్లకు టిష్యూ చుట్టి చేరినంతవరకే తుడవండి. రెండు ప్రిజాల మధ్య ముఖాలు మసకగా ఉంటే అది చేతి పని కాదు.

బయట ఇవ్వాలనుకుంటే కెమెరా రిపేరు వాళ్లకంటే సర్వే పరికరాలు బాగుచేసేవాళ్ల దగ్గరికి వెళ్లడం మేలు. ఆటో లెవెల్, థియోడొలైట్ టెలిస్కోపులు ఎండా వానల్లో తిరిగి తిరిగి ఇలాగే ఫంగస్ పట్టి వస్తాయి. స్పానర్లు, కొలిమేటర్ వాళ్ల టేబుల్ మీదే ఉంటాయి. ఇచ్చేటప్పుడు "ప్రిజం కదిలించాల్సి వస్తే ముందు ఫోన్ చేయండి" అని చీటీ రాసి అంటించండి.

నైట్రోజన్ నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మర తిప్పితే ఐపీస్ ఊడొచ్చే ఈ కాలపు స్కోపులు మామూలుగా గాలి చొరబడని రకం కావు. నింపింది వారంలో బయటికి పోతుంది, డబ్బులూ దాంతోపాటే.

—

ఎనభై_మిల్లీ

కొత్తది కొనే వైపు నుంచి ఒకరైనా మాట్లాడాలి కదా. 50 మీటర్లకే అయితే కొనక్కర్లేదు, కాకా చెప్పిన లెక్క నిజమే. 300 మీటర్లకు లెక్క మారుతుంది. 7.62 మి.మీ. రంధ్రం అక్కడ 5.2 ఆర్క్ సెకన్లు. 60 మి.మీ. అద్దం విడదీసి చూపగలిగే హద్దు సుమారు 1.9 సెకన్లు, అంటే 300 మీటర్ల దగ్గర 2.8 మి.మీ. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. కానీ అది పక్కపక్కనున్న రెండు సమాన నక్షత్రాలకు, నిలకడైన గాలికి వేసిన లెక్క. నలుపులో పడిన రంధ్రానికి, మధ్యాహ్నపు గాలికి అది నిలవదు. 80 మి.మీ. అయితే హద్దు 1.45 సెకన్లు, పైగా 40 ఎక్స్ దగ్గర కూడా కంటికి 2 మి.మీ. వెలుగు కట్ట వస్తుంది. 300 మీటర్లు తరచుగా కాల్చేవారికే అది అవసరం.

కొనేటప్పుడు 45 డిగ్రీల వంపు, బాడీని చుట్టూ తిప్పే కాలర్ ఉన్నది తీసుకోండి. ప్రోన్‌లో స్కోప్‌ను పక్కకు ఒరిగించి ఐపీస్‌ను మీ కంటి వైపు తెచ్చుకోవచ్చు. సెలెస్ట్రాన్ అల్టిమా 80 (20–60), వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 65 (16–48) ఈ పనికి సరిపోయే తరహా. స్టాండు మీద బరువు తగ్గాలంటే కోవా టీఎస్ఎన్-501 లాంటి 50 మి.మీ. చిన్నది కూడా 50 మీటర్లకు చాలు. కళ్లజోడు ఉంది కాబట్టి ఐ రిలీఫ్ (ఐపీస్ అద్దం నుంచి కన్ను ఉండాల్సిన దూరం) 16–17 మి.మీ.కు తగ్గకూడదు. పెట్టె మీద రాసేది తరచుగా జూమ్ ఏదో ఒక చివర ఉండే పెద్ద అంకె, మీరు వాడే 25 దగ్గర ఎంతో కళ్లజోడుతోనే చూసి తేల్చుకోండి. అంచులు కోసుకుపోకుండా పూర్తి వృత్తం కనిపించాలి.

పరీక్ష ఉదయం పూటే చేయండి. మధ్యాహ్నం చేస్తే మిరాజ్ తప్పును అద్దం మీద వేస్తారు. 50 మీటర్ల దూరంలో దినపత్రిక అతికించి చిన్న అక్షరాలు చదవండి. జూమ్ 20 నుంచి 60కి తిప్పితే ఫోకస్ ఎంత తప్పుతుందో చూడండి. 60 దగ్గర కొంచెం మెత్తబడటం మామూలే, 40 దగ్గర మెత్తబడితే వదిలేయండి. రంగుల అంచులు తగ్గించే ఈడీ గ్లాసుకు అదనంగా పెట్టే డబ్బు 50 మీటర్లలో కంటికి కనిపించదు.

కానీ మీ విషయంలో నేనైతే ఐపీస్ ఒక్కటే మారుస్తాను. అదే మర ఉన్న 20 లేదా 25 ఎక్స్ ఫిక్స్‌డ్ ఐపీస్ పాత సామాన్లలో దొరికితే సరే. దొరకకపోతే టెలిస్కోపులకు వాడే 1.25 అంగుళాల ఐపీస్‌కు అడాప్టర్ చేయించండి. బాలానగర్‌లో ఏ లేత్ షాపైనా అల్యూమినియంలో తిప్పి ఇస్తుంది. ఐపీస్ గొట్టం 31.75 మి.మీ. కాబట్టి రంధ్రం 31.8 మి.మీ.

చేయించే ముందు రెండు కొలతలు కావాలి. ఐపీస్ తీసి, స్కోప్‌ను 50 మీటర్ల దూరంలో ఉన్న ఒక మీటరు కర్ర వైపు పెట్టి, వెనక ట్రేసింగ్ పేపర్ పట్టుకుని బొమ్మ ఎక్కడ పదునుగా పడుతుందో చూడండి. మర అంచు నుంచి అక్కడికి ఎంత దూరమో మొదటి కొలత. ఫోకస్ నాబ్ మధ్యలో ఉంచే కొలవాలి, లేకపోతే తర్వాత ఒకవైపే ఫోకస్ దొరుకుతుంది. కాగితం మీద కర్ర బొమ్మ పొడవు రెండోది. 8 మి.మీ. వస్తే ఫోకల్ లెంగ్త్ సుమారు 400. అప్పుడు 16 మి.మీ. ఐపీస్ 25 ఎక్స్ ఇస్తుంది, 20 మి.మీ.ది 20 ఎక్స్. బొమ్మ మర లోపలే పడి బయటికి రాకపోతే ఐపీస్ ఆ మేరకు లోపలికి దిగాలి. కన్నం అంత వెడల్పు లేకపోతే ఈ ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఐపీస్ కొనకముందే కొలవండి.

—

ప్రోన్_50

కొలిచాను. కర్ర బొమ్మ దాదాపు 8, మర అంచుకు 11 మి.మీ. వెలుపల పడుతోంది. కన్నం సరిపోతుంది. 20 మి.మీ. ఐపీస్‌తో వెళ్తాను. రేపు ఆబ్జెక్టివ్ విప్పుతున్నా. కింద స్టాండు మర వదులు సంగతి ఎవరూ చెప్పలేదు. హార్డ్‌వేర్ షాపులో ఎం6 బోల్టు సరిగ్గా పడుతుందన్నారు, వేయనా?

—

రేంజ్_కాకా

వెయ్యకు! గా మర ఎం6 కాదు, పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఎం6 మందం 6 మి.మీ., నీ తూటు 6.35 మి.మీ.ది. చుట్టు నడుమ దూరం కూడ వేరే, దానిది 1 మి.మీ., దీనిది 1.27. మొదట వదులుగ పడతది, బిగిస్తే ఉన్న మర గీక్కపోతది. నీ ముంగట వాడినోళ్లు గదే చేసినట్టున్నరు.

రాణీగంజ్‌ల పావు అంగుళం 20 సైజు హెలికాయిల్ (అరిగిన మరల పెట్టే తీగ చుట్ట, అదే ఇన్సర్ట్) సెట్టు అడుగు, ట్యాపుతో (మర కోసే పనిముట్టు) సహా ఇస్తరు. తూటు లోతు కొలిచి దానికంటె 1 మి.మీ. పొట్టి ఇన్సర్ట్ తీస్కో. ట్యాపు పెట్టెటప్పుడు ఆబ్జెక్టివ్, ఐపీస్ రెండూ మూసి, తూటు కింది దిక్కు ఉండేటట్టు పట్టు, లోహం పొడి బయటికి రాలాలె. తూటు బాడీ లోపలి దాక పోయిందా చూడు. పోతే ముందుగాల ఆ దారి మైనంతోని మూసి పని చెయ్యి. స్టాండు బోల్టు కూడ తూటు లోతుకంటె పొట్టిగ ఉండాలె, లేకుంటే బిగించినప్పుడల్ల బాడీని లోపలికెళ్లి నూకుతది.

అయినంక దాని పాత తోలు సంచిల మళ్లీ పెట్టకు, ఫంగస్ పుట్టిల్లే అది. మూత గట్టిగ పడే ప్లాస్టిక్ డబ్బా, అందుల 100 గ్రాముల సిలికా జెల్, ఒక తేమ మీటర్, మరీ చౌకది కాదు, కొంచెం మంచిది. తేమ 40 నుంచి 50 శాతం నడుమ ఉంచు. జూన్ నుంచి అక్టోబర్ దాక రంగు మారంగనే జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌ల రెండు మూడు గంటలు పెట్టి తిరిగి వాడు. బియ్యం పొయ్యకు, దుమ్మొస్తది. కలరా ఉండలు అసలే వద్దు, గా ఆవిరి పోయి అద్దాల మీదనే పేరుకుంటది. రేంజ్ నుంచి వచ్చినంక తడి ఉంటే అట్లనే డబ్బాల పెట్టి మూత వెయ్యకు, ఓ గంట బయట ఆరనియ్యి.